ఢిల్లీ తిండికి చిరునామా, హైదరాబాద్ తిండికి వేళ

ఒకే టికెట్టు మీద కోటా చూపిస్తాం, కచోరీ కూడా తినిపిస్తాం అనే నడకలు ఇప్పుడు మన పాతనగరాలన్నిటిలోనూ మొదలయ్యాయి. పదిమంది ఒకచోట కలుస్తారు. ముందు ఒక గైడు నడుస్తాడు. మూడు గంటల్లో ఐదారు కట్టడాలు, ఏడెనిమిది చోట్ల తిండి. ఇంటికొచ్చాక అందరూ చెప్పుకునేది ఒక్కటే: తిండి బాగుందా, బాగోలేదా? అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకోటుంది. ఈ నడకలో తిండికీ చరిత్రకీ సంబంధం ఏమిటి? ప్లేటు తీసేస్తే ఎదురుగా ఉన్న గోడ గురించి మనకు తెలిసింది ఏమైనా తగ్గుతుందా? గోడ తీసేస్తే ప్లేటులో ఉన్నది తక్కువగా అర్థమవుతుందా? రెంటికీ ‘లేదు’ అన్నదే జవాబైతే ఆ నడక ఒక హోటలు బిల్లునీ ఒక మ్యూజియం టికెట్టునీ కలిపి పిన్ను కొట్టిన కాగితం మాత్రమే.

ఈ కొలతతో రెండు నడకల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి పాత ఢిల్లీలో ఎర్రకోట ఎదుట మొదలై చాందినీ చౌక్, ఖారీ బావలీ, జామా మసీదు చుట్టి వచ్చేది. రెండోది హైదరాబాద్ పాతబస్తీలో మదీనా సెంటర్ నుంచి పత్తర్‌గట్టీ, చార్‌కమాన్ మీదుగా చార్మినార్ చేరేది. పోల్చడానికి ఇవి తగిన జోడీ. రెండూ రాజులు గీత గీసి కట్టించిన ఊళ్లే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్‌ని నడిబొడ్డున నిలబెట్టి నాలుగు దిక్కులకీ వీధులు వేయించాడు. 1639లో షాజహాన్ యమున ఒడ్డున కొత్త రాజధానికి పునాది వేశాడు. 1857తో ఢిల్లీకి పాదుషా లేకుండా పోయాడు, 1948తో హైదరాబాద్‌లో నిజాం పాలన ముగిసింది. రాజులు పోయినా వాళ్ల వంటలు వీధిలోకి వచ్చి బతికాయన్న మాట రెండుచోట్లా గైడ్ల నోట వినిపిస్తుంది. తరచి చూడవలసింది ఆ మాటనే.

నా వాదన ముందే చెప్పేస్తాను. పాత ఢిల్లీ తిండి చోటుకి కట్టుబడింది, పాతబస్తీ తిండి పొద్దుకి కట్టుబడింది. ఢిల్లీ నడక తన తిండి స్వభావానికి తగ్గట్టు కుదిరింది. హైదరాబాద్ నడక అదే అచ్చులో పోసినది. అందుకే సరుకు గొప్పదైనా నడక వెలితిగా ఉంటుంది.

తిన్నని వీధి

చాందినీ చౌక్ నడవడానికి పుట్టిన వీధి. ఎర్రకోట లాహోరీ దర్వాజాకి ఎదురుగా మొదలై ఫతేపురి మసీదు ముందు ఆగుతుంది. పొడవు కిలోమీటరున్నర లోపే. షాజహాన్ కూతురు జహనారా 1650లో దీనికి రూపమిచ్చింది. అప్పట్లో నడుమ కాలువ పారేది, ఒకచోట కొలను ఉండేది. ఇప్పుడు ఆ తిన్నని దారి మీదే దిగంబర జైనుల లాల్ మందిర్, గౌరీశంకర మందిరం, 1675లో గురు తేగ్ బహదూర్‌ని చంపిన చోట వెలసిన సీస్ గంజ్ గురుద్వారా, 1739లో నాదిర్‌షా కూర్చుని ఊచకోత చూశాడని చెప్పే సునహరీ మసీదు వరసగా ఎదురవుతాయి. గైడు పెద్దగా కష్టపడక్కర్లేదు. వీధే కథ చెప్పుకుంటూ పోతుంది.

తిండి కూడా అలాగే చిరునామాలు పట్టుకుని కూర్చుంది. దరీబా గల్లీ మూల మీద 1884 నుంచి జిలేబీ వేస్తున్నారు. పరాఠే వాలీ గల్లీలో 1870ల నుంచి నేతి మూకుట్లో పరాఠాలు వేగుతున్నాయి. సీతారాం బజార్ వైపు గల్లీలో 1906 నాటి కుల్ఫీ కొట్టుంది. జామా మసీదు ఎదుటి సందులో 1913 నాటి కరీమ్స్ ఉంది. ఇవి ఊరికే పాతవి కావడం కాదు. ఏ గల్లీలో ఎవరు బతికారో, ఎవరికోసం ఏది వండారో ఆ చోటే చెబుతుంది. పరాఠా గల్లీలో ఉల్లి, వెల్లుల్లి వాడకపోవడానికి కారణం వెతుకుతూ ఎక్కడికీ పోనక్కర్లేదు. చుట్టూ ఉన్న కూచాల్లో బట్టలు, వెండి, జరీ అమ్ముకున్న జైన, వైష్ణవ వ్యాపారులే ఆ గల్లీకి ఖాతాదారులు. వీధి మొదట్లోని లాల్ మందిర్‌కీ ఈ మూకుడుకీ మధ్య తీగ కనబడకుండానే సాగి ఉంది.

ఇంతకన్నా ముఖ్యమైనది, గైడ్లు తరచూ వదిలేసేది ఒకటుంది. ఈ దుకాణాలు పుట్టిన ఏళ్లని ఒక వరసలో పెట్టి చూడండి. ఘంటేవాలా మిఠాయి కొట్టు 1790 నాటిది, షా ఆలం కాలం. అది ఒక్కటే మొగలుల నీడలో పుట్టింది. మిగిలినవన్నీ 1857 తర్వాతివే. ఆ ఏడు తిరుగుబాటు అణిచాక ఇంగ్లీషువాళ్లు కోట చుట్టూ ఉన్న ఇళ్లు కూల్చారు. కోట లోపలి భవనాల్లో చాలా భాగం నేలమట్టం చేశారు. జహనారా కట్టించిన సరాయి ఉన్నచోట 1860లలో టౌన్‌హాలు లేపారు. ఊరి మధ్యనించి రైలు పట్టాలు వేశారు. దర్బారు పోయిన ఊళ్లో మిగిలింది బజారు. పరాఠా, జిలేబీ, కుల్ఫీ ఆ బజారు బిడ్డలు. 1911లో అయిదో జార్జి కోసం జరిగిన ఢిల్లీ దర్బారుకి వచ్చిన జనానికి వండిపెట్టడంతో కరీమ్స్ కథ మొదలైంది. ఫతేపురి దగ్గర రబ్డీ ఫలూదా, కరాచీ హల్వా అమ్మే కొట్లు దేశవిభజన నాడు అటునుంచి వచ్చినవాళ్లవి. అంటే నోరు తీపిచేసుకుంటూ నడిస్తే మనకు తెలిసేది షాజహాన్ చరిత్ర కాదు. షాజహాన్ వంశం పోయాక ఆ ఊరు ఎలా బతికిందో తెలుస్తుంది. రాతి కట్టడాలు చెప్పని నూటయాభై పైచిలుకు ఏళ్లని తిండి చెబుతుంది.

మన కొలతకి ఢిల్లీ నడక ఇక్కడ నెగ్గింది. పరాఠా తీసేస్తే చాందినీ చౌక్ చరిత్రలో 1857 తర్వాతి అధ్యాయం ఖాళీ అవుతుంది. గొడవల్లా గైడు మాటతోనే. అన్నిటికీ ‘మొగలాయి’ అన్న ఒకే ముద్ర వేస్తాడు. ఎదుటి బోర్డు మీద 1884 అని పెద్ద అక్షరాలతో కనబడుతున్నా పాదుషాల జిలేబీ అంటాడు.

గడియారం కింద ఊరు

ఇక హైదరాబాద్. చార్మినార్ నాలుగు వైపులా 1889లో గడియారాలు పెట్టారు. పాతబస్తీ తిండిని అర్థం చేసుకోవడానికి ఆ గడియారాలకి మించిన గైడు లేడు.

నహారీ తెల్లవారుజాము వంట. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నని సెగ మీద ఉడుకుతాయి. ఫజర్ నమాజు ముగించుకుని వచ్చేవాళ్ల కోసం గిన్నె మూత తీస్తారు. ఢిల్లీ నిహారీ పిండి కలిపిన చిక్కటి ఎర్రటి పులుసు, మనది పల్చటి చారు. దాంట్లో ముంచుకు తినే నాలుగు మూలల నాన్‌కి పురానీ హవేలీ ప్రాంతంలో మున్షీ నాన్ దుకాణానిది పెద్ద పేరు. అది 1851లో మొదలైందని చెబుతారు. పొద్దెక్కాక నహారీ అడిగితే గిన్నె అడుగు చూపిస్తారు. ఆ తర్వాతి వంతు గుల్జార్ హౌజ్ దగ్గరి దోసె బండ్లది. వెన్న పోసి, పైన ఉప్మా పరిచి, కారం చల్లి పెనం మీదే ముక్కలు చేసే ఈ దోసె పొద్దుటిపూట వ్యవహారమే. ఇరానీ చాయ్ రోజంతా దొరికినా దాని అసలు జనం తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం. ఇక హలీం ఏడాదికి ఒక్క నెల రాజ్యం. గోధుమ, మాంసం, పప్పు, నెయ్యి వేసిన రాగి దేగ్‌ని ఇటుక భట్టీ మీదకి ఎక్కించి గంటల తరబడి కర్ర ఘోటాలతో మెదుపుతారు. ఇఫ్తార్ వేళకి గరిటె దిగుతుంది. 2010లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న ఈ వంటకి రంజాన్ నెలే అసలు చిరునామా.

ఇప్పుడు కట్టడాల వేళలు చూడండి. చార్మినార్ ఎక్కనిచ్చేది తొమ్మిదిన్నర దాటాక, సాయంత్రం అయిదున్నర దాకా. చౌమహల్లా ప్యాలెస్ పది నుంచి అయిదు దాకా; శుక్రవారం సెలవు. అంటే రాతికి తలుపు తీసేసరికి నహారీ అయిపోతుంది. రాతికి తలుపు మూశాక హలీం మొదలవుతుంది. టికెట్టు అమ్మిన గైడుకి ఇది పెద్ద చిక్కు. దాన్ని అతను ఎలా దాటుతాడు? ఎనిమిదిన్నరకి మొదలెడతాడు. దోసె, చాయ్, ఉస్మానియా బిస్కట్టు తినిపిస్తాడు. తొమ్మిదిన్నరకి మెట్లెక్కిస్తాడు. లాడ్ బజార్‌లో గాజులు చూపించి, మధ్యాహ్నానికి ఏసీ గదిలో బిర్యానీతో ముగిస్తాడు. నహారీ గురించీ హలీం గురించీ మాటల్లోనే చెబుతాడు. పాతబస్తీ తిండిలో అత్యంత గాఢమైన రెండూ వినికిడికే పరిమితం. బిర్యానీ గొప్పదే. కానీ అది వీధి తిండి కాదు, బల్ల ముందు కూర్చుని తినే భోజనం. దాని కోసం నడవక్కర్లేదు, ఆటో చాలు.

ఢిల్లీలో వేళకి కట్టుబడ్డ రుచి లేకపోలేదు. దౌలత్ కీ చాట్ అనే పాల నురగ చలికాలం పొద్దుళ్లలోనే కనబడుతుంది. రాత్రి చలికి నిలిచిన నురగ ఎండెక్కితే కూలిపోతుంది. అలాగే హైదరాబాద్‌లో చోటుకి కట్టుబడ్డ రుచులూ ఉన్నాయి. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టులోని ఐస్‌క్రీమ్ కొట్లు, అక్కడి జౌజీ హల్వా అలాంటివే. అయితే అవి చార్మినార్ నడక దారిలో లేవు, మూసీ నదికి అవతలి ఒడ్డున ఉన్నాయి. మినహాయింపులు తీసేసినా మొగ్గు ఎటు ఉందో స్పష్టమే.

గైడు చెప్పే కథలు

రెండు నడకలకీ చెరొక పిట్టకథ ఉంది. ఢిల్లీది చాట్ కథ. షాజహాన్ కొత్త ఊరికి కాలువ నీళ్లు పడక జనానికి కడుపులు చెడ్డాయట. హకీములు మసాలాలూ మిరపకారమూ దట్టించి తినమన్నారట. అలా చాట్ పుట్టిందట. చెవికి బాగుంటుంది, కానీ లెక్క కుదరదు. పోర్చుగీసులు పడమటి తీరానికి తెచ్చిన మిరప ఉత్తరాది వంటిళ్లలో స్థిరపడడానికి చాలా కాలం పట్టింది. బంగాళదుంప అంతకన్నా ఆలస్యం. అది ఊరూరా పాకింది ఇంగ్లీషువాళ్ల కాలంలో. ఆలూ లేని టిక్కీని షాజహాన్ హకీము ఎలా రాసిచ్చాడో గైడే చెప్పాలి.

హైదరాబాద్‌ది భాగమతి కథ. కులీ ప్రేమ కోసం మూసీ దాటాడు, ఆమె పేరున భాగ్యనగరం కట్టాడు. చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథని నిలవదని తోసిపుచ్చాడు. నరేంద్ర లూథర్ అది నిజమేనని వాదించాడు. ఇంత రుచికరమైన వాదన చేతిలో ఉండగా గైడు ఒక పక్షాన్నే చెప్పి ముందుకి నడుస్తాడు. అంతకన్నా నష్టం ఇంకోటి. కులీ అంటే భాగమతి ప్రియుడు అన్నంతవరకే మిగులుతాడు. అతను దక్కనీలో పెద్ద కవితా సంపుటం వదిలిన కవి. ఈద్, నౌరోజ్, బసంత్ పండుగల మీదా, తొలకరి తెచ్చే మృగశిర మీదా కవితలు అల్లాడు. మృగశిర కార్తె నాడు చేపల కోసం మార్కెట్లు కిక్కిరిసే ఊరు ఇవాళ్టికీ ఇదే. నాలుగు వందల ఏళ్ల నాటి రాజుకీ నేటి వంటింటికీ ఇంత సూటి దారి ఉంటే తిండి నడకలో దాన్ని వాడుకోకపోవడం గైడు లోటే.

చాయ్ సంగతి కూడా అంతే. చార్మినార్ నీడలో చాయ్ తాగించి, నవాబుల కాలంలోకి వచ్చాం అనిపిస్తారు. అసోంలో తేయాకు తోటలు మొదలైందే 1830లలో. ఇరానీ హోటళ్లు వచ్చింది ఇంకా తర్వాత, బొంబాయి మీదుగా ఇరాన్ నుంచి వలస వచ్చినవాళ్లతో. ఉస్మానియా బిస్కట్టు పేరు 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాందనే చెబుతారు. చార్మినార్ కట్టిన నాటికీ ఈ కప్పుకీ మధ్య మూడు వందల ఏళ్ల దూరం ఉంది. మరి కుతుబ్‌షాహీల నాటి జనం ఏం తాగారు? పదిహేడో శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే రాసిపెట్టాడు: కల్లు. ఊళ్లోకి రోజూ గుర్రాల మీద తోలుతిత్తులతో కల్లు వచ్చేదనీ, దాని మీద పన్నుతో రాజుకి మంచి రాబడి ఉండేదనీ చెప్పాడు. తెలంగాణ పల్లెకి బాగా తెలిసిన ఈ నిజం చార్మినార్ నడకలో వినబడదు. తాటిచెట్టు ఏమంత నవాబీగా కనబడదు కదా.

కథల విషయంలో రెండు నడకలకీ ఒకే మార్కు, అది పాసు మార్కు కన్నా తక్కువ. అయితే ఒక తేడా ఉంది. ఢిల్లీలో గైడు తప్పు చెప్పినా దుకాణం బోర్డు మీదున్న ఏడాది అతన్ని సరిదిద్దుతుంది. హైదరాబాద్‌లో నహారీ గిన్నె మీద ఏడాది ఉండదు. కాబట్టి ఇక్కడి గైడు మీద బాధ్యత ఎక్కువ.

ఎవరి ప్లేటు, ఎవరి వీధి

ఈ నడకల ప్రకటనల్లో కలిసిమెలిసి బతికే సంస్కృతి గురించి తప్పకుండా ఒక వాక్యం ఉంటుంది. నడిచి చూస్తే ప్లేట్లు మరోలా చెబుతాయి. పాత ఢిల్లీలో నిజానికి రెండు నడకలున్నాయి. చాందినీ చౌక్ వైపుది శాకాహారం. జామా మసీదు, మటియా మహల్ వైపుది కబాబు, నిహారీ. రెంటి మధ్యా పది నిమిషాల నడక దూరం. చాలా నడకలు ఏదో ఒక పక్కనే ఎంచుకుంటాయి. రెంటినీ కలిపి నడిపించేవాడు ఆ పది నిమిషాల్లో ఏం చెబుతాడన్నదే అతనికి పరీక్ష. ఉల్లి కూడా ముట్టని గల్లీ నుంచి దుకాణం ముందు మాంసం వేలాడే సందుకి వచ్చేటప్పుడు ఒకే ఊళ్లో రెండు లోకాలు శతాబ్దాల పాటు ఇరుగుపొరుగుగా ఎలా సర్దుకున్నాయో చెప్పాలి. అందరూ అన్నీ కలిసి తినేవాళ్లని చెబితే అది అబద్ధం. ఎవరి వంట వాళ్లు వండుకుంటూనే ఒకరి దుకాణం పక్కన ఒకరు బతికారన్నది అంతకన్నా విలువైన నిజం.

పాతబస్తీలో సరిహద్దు గల్లీల మధ్య లేదు, గంటల మధ్య ఉంది. చార్‌కమాన్ నాలుగు తోరణాల మధ్య, గుల్జార్ హౌజ్ చుట్టూ, తెల్లవారుజామున నహారీ తిని వెళ్లేవాళ్లు ఒకరు. ఎనిమిదింటికి దోసె బండి చుట్టూ చేరే నగల కొట్ల మార్వాడీలు, గుమాస్తాలు, కాలేజీ పిల్లలు ఇంకొకరు. సాయంత్రం కబాబు పొగలో నిలబడేవాళ్లు వేరొకరు. అదే నేల పొద్దు మారేసరికి మరో జనానిదవుతుంది. ఒకే చోట మూడు గంటలు కదలకుండా నిలబడితే ఊరు మనముందు నడిచిపోతుంది. ఈ సంగతి పట్టుకున్న నడక తయారైతే దేశంలో దానికి సాటి ఉండదు.

హలీం కథలోనూ నడక తప్పిపోయిన దారి ఉంది. నిజాం సైన్యంలో చేరిన అరబ్బు సిపాయిలు, వాళ్లు స్థిరపడిన బార్కస్, వాళ్లు తెచ్చిన హరీస్ అనే వంట లేకుండా హలీం అర్థం కాదు. బార్కస్ చార్మినార్‌కి దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ గొప్ప కట్టడం లేదు, కాబట్టి నడకలో లేదు. కట్టడాల వెంట తిండిని నడిపిస్తే జరిగే నష్టం ఇదే. మిలటరీ బారకుల పక్కన పుట్టిన చరిత్రకి పటం కట్టేవాళ్లుండరు.

ప్లేటుకి ఆరుగురు

వీధి తిండి నడకలో వీధికి దక్కేదేమిటన్నది కూడా లెక్కలోకి రావాలి. ఆరుగురు ఒక ప్లేటు పంచుకుంటారు, ఎందుకంటే ఇంకా ఏడు చోట్ల తినాలి. ఆ ఆరుగురూ బండి ముందు పావుగంట నిలబడతారు. ఫోటోలు తీస్తారు, గైడు కథ వింటారు. వెనక రోజువారీ ఖాతాదారు తన ప్లేటు కోసం మెడ చాచి చూస్తుంటాడు. ప్లేటు ధర బండివాడికి, కథ ధర గైడుకి. రెండో ధర మొదటిదానికి ఎన్నో రెట్లు. గైడు చదువుకీ శ్రమకీ విలువ కట్టొద్దని కాదు. కానీ బండివాడి బతుకే సరుకైనప్పుడు అతని లెక్క కూడా తేలాలి. ఢిల్లీ పహాడ్‌గంజ్‌లో సలాం బాలక్ ట్రస్టు నడిపే నడకలో ఒకప్పుడు ఆ వీధుల్లోనే బతికిన పిల్లలు పెద్దయ్యి గైడ్లయ్యారు. అక్కడ కథ చెప్పేవాడూ కథలో ఉన్నవాడూ ఒక్కరే. తిండి నడకలకి ఇంకా ఆ ఊహ రాలేదు. దోసె బండి మీద ముప్పయ్యేళ్లు గరిటె తిప్పినాయన దక్కనీలో తన కథ తనే చెబితే, గైడు పక్కన నిలబడి తెలుగులోకో ఇంగ్లీషులోకో మారిస్తే సరిపోదా?

వీధి తీరులోనూ తేడా ఉంది. చాందినీ చౌక్‌ని కొత్తగా తీర్చి 2021లో ప్రారంభించారు. పగలంతా మోటారు వాహనాలు రాకూడదన్నారు; నడిచేవాడికి హాయి. కానీ ఆ నడిరోడ్డు చిల్లర అమ్మకందార్లకి నిషిద్ధ ప్రాంతం. వాళ్లని తొలగించమని హైకోర్టు కూడా ఆదేశించింది. దాంతో వీధి తిండి నడకలో వీధి పోయి కొట్టు మిగిలింది. గల్లీల్లో తట్ట పట్టుకు తిరిగే దౌలత్ కీ చాట్ మనిషికి నిలబడే హక్కెక్కడో ఎవరూ చెప్పరు. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి నడకదారి చేసే పథకం రెండు దశాబ్దాలకు పైగా సాగింది. రాతి పలకలు పరిచారు గానీ బండ్లు మాత్రం పోలేదు. అత్తరు, గాజులు, పండ్ల ముక్కలు, చెప్పులు అమ్మేవాళ్లు మినార్ల నీడలోనే ఉన్నారు. అందం చెడిందని కొందరి బాధ. నాకు మాత్రం ఈ విషయంలో హైదరాబాదే నయం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వీళ్లకి హక్కులిచ్చింది. నడక నడిపేవాళ్లు ఆ సంగతి కూడా తమ కథలో చేర్చాలి. లేకపోతే ఏదో ఒక సుందరీకరణలో బండి మాయమవుతుంది, దాంతో నడకా మాయమవుతుంది.

మూడో సాక్షి

ఈ తగువులో అహ్మదాబాద్‌ని సాక్షిగా పిలవాలి. 1997 నవంబరులో అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ మొదలుపెట్టిన వారసత్వ నడక కాలుపూర్ స్వామినారాయణ మందిరం నుంచి జామా మసీదు దాకా పొద్దున్నే సాగుతుంది. పోళ్లనే ఇరుకు వాడలు, చెక్క హవేలీలు, పక్షుల గూళ్లే దాని సరుకు. తిండి ప్రసక్తి లేకుండానే ఊరికి తన మీద తనకే శ్రద్ధ పుట్టేలా చేసింది. 2017లో యునెస్కో ఆ పాతనగరాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. నడక ముగిసే చోటికి పక్కనే మాణెక్ చౌక్ ఉంది. అది పగలు బంగారం బజారు, నగల కొట్లు మూశాక అర్ధరాత్రి దాటేదాకా తిండి బజారు. పొద్దుట నడిచినవాడికి ఆ తిండి కనబడదు. వాళ్లు దాన్ని పొద్దుటి నడకలోకి బలవంతంగా లాక్కురాలేదు. తిండి కావాలంటే రాత్రి రమ్మంటారు. పాతబస్తీ నేర్చుకోవలసింది ఇదే.

తీర్పు

కూర్పులో ఢిల్లీ నడకే మేలు. తిన్నని దారి, దారి పొడుగునా మారే మతాలూ వర్తకాలూ, ప్రతి మూలా ఏడాది రాసిపెట్టుకున్న దుకాణం. ఇవన్నీ కలిసి సగటు గైడుని కూడా గట్టెక్కిస్తాయి. దానికి కావలసిందల్లా ‘మొగలాయి’ అన్న ముద్రని పక్కనపెట్టి 1857 తర్వాతి బజారు కథని నిజాయితీగా చెప్పడం. దారి మార్చక్కర్లేదు, మాట మారిస్తే చాలు.

సరుకులో హైదరాబాదే మేలు. దాని లోపం వేళలో ఉంది. ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా సాగే ఒక్క నడకని రెండుగా విరగ్గొట్టాలి. మొదటిది చీకటితోనే మొదలవ్వాలి: మూసీ దాటి మదీనా, 1908 వరద తర్వాత కొత్తగా లేచిన పత్తర్‌గట్టీ రాతి వసారాలు, నహారీ, చాయ్, చార్‌కమాన్, దోసె. చార్మినార్ తలుపు తీయకముందే ఇది ముగిసిపోవాలి. మినార్లని బయటినుంచి చూడడమే ఈ నడకకి చాలు. రెండోది సాయంత్రం చార్మినార్ మెట్లు దిగాక లాడ్ బజార్‌లో లక్కగాజుల కొట్లతో మొదలై కబాబు పొగల దాకా. హలీంని ఈ రెంటిలోకీ దూర్చకూడదు. రంజాన్‌లో బార్కస్‌తో మొదలయ్యే మూడో నడక దానికి ప్రత్యేకంగా ఉండాలి. ఇలా చేస్తే గైడుకి నిద్ర తక్కువవుతుంది, టికెట్లూ బహుశా తగ్గుతాయి. కానీ ప్లేటుకీ గోడకీ మధ్య సంబంధం కలుస్తుంది.

డబ్బు కట్టేముందు గైడుని రెండు ప్రశ్నలు అడగండి. ఢిల్లీలో అయితే: ఈ వంట ఈ గల్లీలోనే ఎందుకుంది? హైదరాబాద్‌లో అయితే: ఈ వంట ఈ పూటే ఎందుకు తినాలి? జవాబు చెప్పగలిగినవాడి వెనక మూడు గంటలు నడవొచ్చు. నీళ్లు నమిలితే మాత్రం నమస్కారం పెట్టేసి, అదే డబ్బుతో బండి దగ్గర మీ ప్లేటు మీరే కొనుక్కోండి. ఆరుగురితో పంచుకోనక్కర్లేదు, కథ బండివాడినే అడగొచ్చు.